రాస్ప్‌బెర్రీ పై గేమ్ డబ్బాకి అడాప్టర్ కొంటున్నారా? ముందు వైరు చూడండి

రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో, పాత వీడియో గేములు ఆడించే రెట్రోపై సాఫ్ట్‌వేర్ వేసి ఆడుతుంటే తెర మీద కుడివైపు పైమూల పసుపు రంగు మెరుపు గుర్తు వస్తోందా? ఎస్‌డీ కార్డుని తిట్టుకునే ముందు అడాప్టర్ సంగతి చూడండి. బోర్డుకి అందే వోల్టేజీ 4.63 వోల్టుల కిందికి దిగితే వచ్చే గుర్తది. అప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. 8 బిట్ గేముల్లో ఆ తేడా పెద్దగా తెలియదు. నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్ కన్సోళ్ల బరువైన గేముల్లో మాత్రం సౌండ్ తెగితెగి వస్తుంది, బొమ్మ ఈడ్చుకుంటూ నడుస్తుంది.

పై 4కి కావాల్సింది 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు. ఉత్త బోర్డు లాగేది సుమారు 600 మిల్లీఆంపియర్లే. ఆట మొదలయ్యాక ప్రాసెసర్, ఫ్యాన్, యూఎస్‌బీలో పెట్టినవి అన్నీ తోడవుతాయి. నాలుగు యూఎస్‌బీ పోర్టులకీ కలిపి బోర్డు ఇవ్వగలిగింది 1.2 ఆంపియర్లు. అందులోనే రెండు కంట్రోలర్లు ఛార్జింగ్‌కి పెట్టి, తిరిగే హార్డ్‌డిస్క్ కూడా తగిలిస్తే చాలదు. డిస్కుని సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌కి మార్చండి. ఆ హబ్ కొన్నాక ఒక పరీక్ష చేయండి: పై 4ని షట్‌డౌన్ చేసి దాని అడాప్టర్ పీకేయండి. బోర్డు మీది ఎర్ర లైటు ఇంకా వెలుగుతూనే ఉంటే హబ్ నుంచి బోర్డులోకి కరెంటు ఎదురొస్తోందన్నమాట. ఆ హబ్ వద్దు.

ఫోన్ ఛార్జర్ మీద 65 వాట్లని ఉంది కదా అని ధీమా పడొద్దు. ఆ 65 సాధారణంగా 20 వోల్టుల దగ్గరి లెక్క. పై 4 ఎక్కువ వోల్టేజీ అడగదు, 5 వోల్టులే తీసుకుంటుంది. కాబట్టి వెనక సన్న అక్షరాల్లో 5 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చదవండి. 2 అని ఉంటే వదిలేయండి. మన దేశంలో కొనేటప్పుడు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, ఆర్‌తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో కూడా చూడండి.

ఇక అసలు దొంగ వైరు. సన్న కేబుళ్లలో ఉండే 28 గేజ్ రాగి తీగకి మీటరుకి సుమారు 0.21 ఓమ్‌ల నిరోధం. వెళ్లే తీగ, వచ్చే తీగ కలిపితే 0.42. అందులో 2 ఆంపియర్లు పారితే 0.84 వోల్టులు దారిలోనే పోతాయి. అడాప్టర్ 5.1 ఇచ్చినా బోర్డుకి చేరేది 4.26. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది; అదే మీటరు పొడవు 20 గేజ్ తీగైతే పోయేది 0.13 మాత్రమే. అందుకే వైరు అడాప్టర్‌కే అతికి ఉన్న, లావు తీగ రకం తీసుకోవడం మంచిది. మధ్యలో స్విచ్ ఉన్న చౌక కేబుళ్ల జోలికి పోకండి. ఆ స్విచ్ దగ్గర ఇంకొంత వోల్టేజీ పోతుంది, పైగా షట్‌డౌన్ చేయకుండా దాన్ని నొక్కితే కార్డులో సేవ్‌లు పాడవుతాయి.

మొదట్లో వచ్చిన పై 4 బోర్డులకి ఇంకో చిక్కుంది. టైప్-సీ పోర్టు డిజైన్‌లో లోపం వల్ల లోపల చిప్ ఉన్న ఖరీదైన కేబుళ్లతో, ముఖ్యంగా ల్యాప్‌టాప్ ఛార్జర్లవాటితో, ఆ బోర్డులు అసలు ఆన్ కావు. రివిజన్ 1.2 నుంచి సరిచేశారు. పాత బోర్డైతే మామూలు 3 ఆంపియర్ల కేబుల్ వాడండి, పనిచేస్తుంది.

దీని తర్వాతి మోడల్ పై 5 అడిగేది 5.1 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు. 3 ఆంపియర్ల అడాప్టర్‌తో కూడా బూట్ అవుతుంది కానీ యూఎస్‌బీ మొత్తానికి 600 మిల్లీఆంపియర్లే వదులుతుంది. 5 ఆంపియర్లు అందితే అది 1.6 ఆంపియర్లు అవుతుంది.

కొత్త అడాప్టర్ పెట్టాక బరువైన గేమ్ ఒకటి పావుగంట ఆడించండి. ఆట నడుస్తుండగానే మల్టీమీటర్ ఎర్ర ముల్లుని బోర్డు అంచున వరుసగా ఉండే జీపీఐఓ పిన్నుల్లో 4వ దానికి, నల్లదాన్ని 6వ పిన్నుకి ఆనించండి. ముల్లు జారి పక్క పిన్నుకి తగిలితే బోర్డు పోతుంది, చెయ్యి కదలనివ్వకండి. 4.9 పైన నిలకడగా ఉంటే బాగున్నట్టే. 4.7 దగ్గర ఊగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడండి, అడాప్టర్ తర్వాత.