కథ చదివాక పిల్లల చేత ఏం రాయించాలి?

కథ అవ్వగానే "నీతి ఏంటి?" అని అడిగితే తరగతి మొత్తం ఒకే వాక్యం రాస్తుంది. ముందు ఐదు నిమిషాలు ఏం మాట్లాడకుండా, తమను ఆపిన వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీయమనండి.

జాలారిపేటలో జరిగే కథ అనుకోండి. ఉత్త వలతో ఒడ్డుకొచ్చిన నాన్న కొడుకు వైపు చూడడు. "నాన్నకు కోపం" అని రాసేస్తారు. ఆ మాట ఎక్కడుందో చూపించమనండి. ఉండదు. మళ్లీ చదువుతారు, సిగ్గేమో, అప్పు భయమేమో అని వాదించుకుంటారు. మధ్యలో మీ అభిప్రాయం చెప్పేయకండి, నోటుబుక్కుల్లోకి అదే ఎక్కేస్తుంది.

సంభాషణలు మన ఉత్తరాంధ్ర యాసలోనే గట్టిగా చదివించండి. ఇంటి మాట వినబడితే వెనక బెంచీ కూడా నోరు విప్పుతుంది.

జవాబు నాలుగైదు వాక్యాలు చాలు: ఏమనిపించింది, ఏ మాట వల్ల, ఇంకోలా అనుకోవచ్చా. మూడోదే కష్టం. దానికి మర్నాడు ఇంకో పీరియడ్ ఇవ్వండి.