నాన్న అరికాళ్ళకి తెలియని ఎండ

మే నెలలో నాన్నని మంగళగిరి తీసుకెళ్ళాం. పైన పానకాల స్వామి దర్శనం అయ్యేసరికి పన్నెండు దాటింది. బండలు పెనంలా కాలుతుంటే మేమందరం నీడ వెతుక్కుంటూ పరుగులు పెట్టాం, ఆయన మాత్రం చెప్పుల్లేకుండా తాపీగా నడిచొచ్చారు, భక్తి అనుకున్నాం. స్వామి సగం తాగి సగం వదిలిన పానకం కూడా రెండు గ్లాసులు తాగారు. వద్దంటే "బెల్లమే కదమ్మా, పంచదార కాదుగా" అన్నారు. సాయంత్రం గుంటూరు వచ్చాక కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ చూసింది, రెండు అరికాళ్ళకీ రూపాయి బిళ్ళంత పొక్కులు. నాన్నకి నొప్పే తెలియలేదు.

పదకొండేళ్ళుగా షుగర్ ఉంది ఆయనకి. అది ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే కాళ్ళ నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుందని తర్వాత తెలిసింది. మిర్చి యార్డులో గుమాస్తాగా చేసేవారు, మనిషి సన్నం, పొట్ట మాత్రం ఉంటుంది. ఆర్నెల్లకోసారి పరగడుపున టెస్ట్ చేయించుకుంటే 115, 120 వచ్చేది, అందరం హాయిగా ఉండేవాళ్ళం. టెస్ట్‌కి రెండు రోజుల ముందు నుంచి అన్నం మానేసి, పుల్కాలు తిని, మాత్ర ఠంచనుగా వేసుకునేవారని, మిగతా రోజుల్లో గుర్తొస్తేనే వేసుకునేవారని ఈ పొక్కుల తర్వాతే అమ్మ చెప్పింది.

ఈసారి డాక్టరు గారు మూడు నెలల టెస్ట్ రాశారు, హెచ్‌బీఏ1సీ. 9.8 వచ్చింది. రక్తంలో తిరిగే చక్కెర కొంత ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌కి అంటుకుపోతుంది, ఆ కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, కాబట్టి రెండు రోజుల పుల్కాలు దాన్ని మార్చలేవు. 5.7 లోపు మామూలు, 6.5 నుంచి షుగర్ కిందే లెక్క. రక్తహీనత ఉన్నవాళ్ళకి ఈ అంకె తేడాగా రావచ్చు, ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు పరగడుపు అంకె ఒక్కటే చూసుకుని సంబరపడుతుంటే దయచేసి ఈ టెస్ట్ కూడా చేయించండి.

స్వీట్లు తింటేనే షుగర్ వస్తుందని మా ఇంట్లో అందరి నమ్మకం. నిజానికి క్లోమం (పాంక్రియాస్), రక్తంలోని చక్కెరని కణాల్లోకి పంపే ఇన్సులిన్‌ని ఇస్తూనే ఉంటుంది, కండరాలూ కాలేయమూ దానికి సరిగ్గా స్పందించవు, క్లోమం ఇంకా ఇంకా పోసి కొన్నేళ్ళకి అలసిపోతుంది. పెద్దల్లో ఎక్కువగా వచ్చే టైప్ 2 ఇదే. మా నాయనమ్మకీ ఉండేది, అంటే వంశంలో ఉంది, దానికి పొట్ట చుట్టూ కొవ్వు, కదలకుండా కూర్చునే పని, పొద్దున ఇడ్లీ మధ్యాహ్నం అన్నం రాత్రి అన్నం తోడయ్యాయి. చాలామంది పిల్లల్లో వచ్చే టైప్ 1 వేరు, అందులో క్లోమం నుంచి ఇన్సులిన్ దాదాపు రాదు, వాళ్ళకి ఇంజెక్షన్ మాన్పించి పసరు మందు ఇచ్చేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది, ప్రాణం పోతుంది.

బెల్లం సంగతి కూడా అడిగాను. అందులోనూ ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే.

ఇప్పుడు మా ఇంట్లో అన్నం సగమైంది, పప్పూ ఆకుకూరా పెరిగాయి. రాత్రి భోజనం కాగానే బృందావన్ గార్డెన్స్ వైపు ఇరవై నిమిషాలు నడుస్తాం. నడిచే కండరం ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే చక్కెర లాక్కుంటుందట, అది తెలిశాక నాన్నకి నడక మీద గౌరవం పెరిగింది. ఆయన వేసుకునే మాత్రల్లో ఒకటి షుగర్‌ని బాగా దించేసే రకం, అందుకే జేబులో పంచదార పొట్లం ఉంటుంది. చెమటలు పట్టి చేతులు వణికితే, గ్లూకోమీటర్లో 70 లోపు ఉంటే, మూడు టీస్పూన్లు నీళ్ళలో కలిపి తాగి పావుగంటకి మళ్ళీ చూస్తాం.

రోజూ పడుకునే ముందు అమ్మ ఫోన్ టార్చ్ వేసి ఆయన అరికాళ్ళు, వేళ్ళ సందులు చూస్తుంది. పొక్కులు మానడానికి ఏడు వారాలు పట్టింది. మొన్న టెస్ట్‌లో 7.6 వచ్చింది. కార్తీకంలో మళ్ళీ మంగళగిరి వెళ్దామంటున్నారు, బండలు వేడెక్కకముందే, సాక్సులు వేసుకుని. పానకం మాత్రం తీర్థంలా చేతిలో పోయించుకుంటానన్నారు, సరే అన్నాను.