మట్టి టబ్బుల సున్నం పడ్డది

పొద్దుగాల ఏడింటికే వస్తా అన్న కరెంటన్న తొమ్మిదిన్నరకు వచ్చిండు. నల్లగొండల ఈ సలికి ఏడింటికి ఎవరొస్తరు లెండి, నేను కూడ నమ్మలే. వచ్చుడు వచ్చుడే మెయిన్ బంద్ చేసిండు. సాయంత్రం దాక కరెంటు ఉండదని రాత్రే చెప్పిండు గాబట్టి స్నానాలు చేసుకున్నం, మోటరేసి ట్యాంకు నింపుకున్నం, మిక్సీ పట్టేది పట్టుకున్నం. షెడ్డుల ఉన్న నా కుండల మట్టి సంగతే ఎవ్వరికి యాదికి రాలే. నాక్కూడ రాలే.

అసలు ఈ వైరింగు పని పెట్టుకున్నదే నా వల్ల. వెనక రేకుల షెడ్డుల నాదొక మోటరు సారె (కుండలు చేసే చక్రం), వాటిని కాల్చే ఒక చిన్న కరెంటు బట్టీ ఉన్నయి. బట్టీ మూడు కిలోవాట్లది, అంటే 230 వోల్టుల మీద 13 ఆంప్స్ తింటది. ఇన్ని రోజులు దాన్ని బాత్రూం గీజరు వైరు మీదనే నడుపుకుంట వచ్చిన. మొన్న దీపావళికి దీపంతలు కాలుస్తుంటే, లోపట 900 డిగ్రీలు దాటింది, అప్పుడు ఎవరో గీజరు వేసిన్రు (ఎవరో ఏంది, మా ఆయనే), అది రెండు కిలోవాట్లది, ఇంకో ఎనిమిది తొమ్మిది ఆంప్స్ గుంజుతది, రెండు కలిస్తే 21 దాటిపాయె. కాసేపటికి ప్లాస్టిక్ కాలిన వాసన. పోయి చూస్తే సాకెట్ నల్లగయి ప్లగ్గు దాంట్లనే అతుక్కపోయింది. మరి ఫ్యూజు ఎందుకు కొట్టలే అని తీసి చూస్తే దాంట్ల ఎవరో ఎప్పుడో లావు రాగితీగ చుట్టి పెట్టిన్రు. అది జన్మల కొట్టదు.

సరే, బట్టీకి వేరే లైను, 4 స్క్వేర్ ఎంఎం వైరు, దానికి సపరేట్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చి), ఇంటికంతటికి ఒక ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే బంద్ చేసే స్విచ్చి) అని మాట్లాడుకున్నం. 30 మిల్లీ ఆంప్స్ లీకయినా పడిపోతదట అది. ఇదంత బానే ఉంది గని వైరు పోవాలంటే గోడకు గాడి కొట్టాలె గద. ఈ ఇల్లు మా మామయ్య 1986ల కట్టించింది, గోడలకు ఏటేటా పండుగకు సున్నం వేసుకుంట వచ్చిన్రు, మీద పెయింటు మొన్నమొన్నటిది. కట్టర్ మిషిను పెట్టంగనే సున్నం పొరలు పొరలుగ లేసి ఇల్లంత తెల్లగ పొగ కమ్మినట్టయింది.

నేను వంటింట్ల గిన్నెల మీద బట్టలు కప్పుతున్న. ఒక్కసారి గుండె జల్లుమన్నది. షెడ్డుల మట్టి!

సున్నం అంటే మాకు ఎందుకింత భయమో చెప్తా. మట్టిల చిన్న సున్నపు పలుకు ఉన్నా కుండ చేసేటప్పుడు తెల్వదు, కాల్చినప్పుడు కూడ తెల్వదు. బట్టీల ఆ పలుకు కాలి పొడి సున్నం అయితది, బయటికి తీసినంక గాలిల తడిని మెల్లగ పీల్చుకొని ఉబ్బుతది, ఉబ్బి పైన ఉన్న మట్టిని చిప్పలెక్క ఊడగొడతది. వారానికో పదిదినాలకో టప్పున పెచ్చు లేస్తది, నడుమ తెల్ల చుక్క కనిపిస్తది. పోయిన్సారి ఒకామెకు ఇచ్చిన కప్పుకు గిట్లనే అయింది, ఆమె ఏం అనలే గని నాకే మొఖం చెల్లలే. మా తాత చెరువు మట్టి తెచ్చి తొక్కేటప్పుడు మా అమ్మమ్మ పక్కన కూసొని సున్నపురాళ్ళు ఏరుతుండె, నల్లమట్టిల అవి మస్తుంటయి. చిన్నప్పుడు ఈ ముసలామెకు ఇంత చాదస్తం ఏంది అనుకునేదాన్ని.

ఉరికి పోయి చూస్తే పాలిథిన్ కవర్లల మట్టి భద్రంగనే ఉంది. మూత లేని టబ్బు ఒకటి ఉంటది, మల్ల మట్టిగ పనికొస్తదని సారె కాడి బురదనీళ్ళన్ని దాంట్లనే పోస్తుంట. దాని మీద మాత్రం తెల్లగ మీగడ కట్టినట్టు పొర, నడుమ నడుమ గోరంత పెచ్చులు. మెత్తటి పొడి అయితే అంత నష్టం చెయ్యదు, పలుకులతోనే పంచాయితి. జల్లెడ పడితే పోతయి కావచ్చు, గని సంక్రాంతి నోముకు గురుగులు (చిన్న చిన్న మట్టి కుండలు) చెయ్యాలె, అత్తమ్మ చుట్టాలందరికి మాట ఇచ్చి కూసున్నది. నోము గురుగు పండుగ తెల్లారి టప్పున పెచ్చు లేస్తే ఆ మాటలు ఎవరు పడాలె? టబ్బు పక్కకు జరిపేసిన.

మంచి మట్టి రెండు ముద్దలు, ఒక చెంబు నీళ్ళు పట్టుకొని దాబా ఎక్కిన. కరెంటు లేదు గాబట్టి సారె లేదు, చేత్తోనే. ముద్దల బొటనవేలు గుచ్చి తిప్పుకుంట తిప్పుకుంట గిల్లుతే గురుగు అయితది, దానికి సారె ఎందుకసలు. మట్టి మాత్రం ఐసు లెక్క ఉన్నది, నాలుగైదు చేసేసరికి వేళ్ళు కొంకర్లు పోయినయి. చెంబును ఎండల పెట్టి, చేతులు చంకలల పెట్టుకొని కాసేపు ఊకనే కూసున్న. ఎండ మంచిగున్నది గని గాలి మంచిది కాదు, సలికాలం పొడిగాలికి గాలి దిక్కున్న అంచు తొందరగ ఎండుతది, ఇవతల పచ్చిగనే ఉంటది, పగులు పడతది. అత్తమ్మ పాత చీర చింపి తడిపి కప్పిన. మధ్యాహ్నం దాక ముప్పై రెండు చేసిన. సారె మీద అయితే కొలతపెట్టినట్టు ఒక్కతీరుగ వస్తయి, ఇవి ఒక్కోటి ఒక్కో మూతి పెట్టినయి, నాకైతే ఇవే నచ్చినయి.

కింద నుంచి "అక్కా, జర ఇటు రాండ్రి" అని పిలుపు. కరెంటన్న షెడ్డుల బోర్డు విప్పి, బల్బుకు రెండు వైర్లు కట్టి, మెయిన్ వేసి చూపిస్తుండు. ఫేజుకు న్యూట్రలుకు నడుమ పెడితే వెలిగింది. ఫేజుకు ఎర్తుకు (లీకయిన కరెంటును భూమిలకు పంపే వైరుకు) పెడితే వెలుగలే. ఆ ఎర్తు పచ్చవైరు బోర్డు వెనక చుట్టచుట్టి పడేసి ఉన్నది, యాడికీ పోలే. ఇన్నేండ్ల సంది మూడు పిన్నుల ప్లగ్గుల మూడో పిన్ను అలంకారానికే.

"తడి చేతులతోని ఈ మిషిను మీద కూసుంటున్నరా?" అన్నడు. అవునన్న. ఆయన ఇంకేం మాట్లాడలే, తల ఊపి బీడి ముట్టించుకున్నడు.

ఇగ ఎర్తింగ్ గుంత. ఎప్పుడూ తడి ఉండే జాగ చూపించమంటే తులసిగద్దె పక్కన, నా మట్టి చేతులు కడిగిన నీళ్ళు పోయే కాడ చూపించిన. ఇద్దరు తవ్విన్రు, నాలుగడుగులకే మొరం తగిలి గడ్డపార ఠంగుమన్నది, ఒక్కరోజు పని రెండోరోజుకు పడ్డది. తెల్లారి పైపు దించి, చుట్టూ ఉప్పు, బొగ్గులు పొరలు పొరలుగ పోస్తున్రు. బొగ్గులు ఇస్త్రీ బండాయన దగ్గర తెచ్చినం. నేను టబ్బు దిక్కు చూసుకుంట, అన్నా, ఇది పోయొచ్చా అని అడిగిన.

"ఏంది మట్టేనా? పొయ్యుండ్రి. బజార్ల ఎర్తింగ్ పౌడరని సంచి అమ్ముతరు, అండ్లుండేది కూడ బెంటోనైట్ మట్టే. తడి పట్టుకొని ఉంటది."

టబ్బు మొత్తం పోసేసిన, సున్నంతో సహా. ఆర్‌సీసీబీ ఇంకా బిగించకముందే మల్ల బల్బు పెట్టి చూపించిండు, ఈసారి మంచిగ వెలిగింది. పోయేటప్పుడు, ఎండకాలం గుంతల అప్పుడప్పుడు ఇన్ని నీళ్ళు పొయ్యుండ్రి అని చెప్పిండు.

అత్తమ్మ ఎండకాలం అన్న మాట ఇన్నదో లేదో తెల్వదు. ఇప్పుడు రోజు పొద్దుగాల తులసికి ఒక చెంబు పోసి, ఇంకో చెంబు ఆ ఎర్తింగ్ గుంతల పోస్తున్నది. నిన్న చూసిన, పైపు మూత మీద పసుపు, రెండు బంతిపూలు.