ట్రెయిల్స్: మొదటి గేముకు 47 గంటలు

ఆఫీసులో పక్క సీటు మిత్రుడు ఏడాదిగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటే చివరికి మొదలుపెట్టాను. ‘ట్రెయిల్స్’ అనే వీడియో గేముల సిరీస్. జపాన్‌లో ‘కిసెకి’ అంటారు, చేసేది ఫాల్కమ్ అనే చిన్న కంపెనీ. 2004 నుంచి 2024 దాకా 13 ప్రధాన గేములు వచ్చాయి, కథంతా ఒకే లోకంలో సాగుతుంది. పదమూడు అనగానే నీరసం వచ్చింది. అందుకే ఒక షరతు పెట్టుకున్నాను: మొదటిది పూర్తయ్యేదాకా రెండోది కొనను.

ఆడింది ‘ట్రెయిల్స్ ఇన్ ది స్కై’, 2014లో స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణానికి వచ్చిన పాత రూపం. గ్రాఫిక్స్ కార్డు లేని నా ఏడేళ్ల ల్యాప్‌టాప్‌లో ఫ్యాను కూడా గట్టిగా తిరగలేదు. 2025 సెప్టెంబర్‌లో పూర్తి త్రీడీలో, గొంతులతో సహా కొత్త రూపం వచ్చింది. మంచి కంప్యూటర్ ఉన్నవాళ్లు అదే తీసుకోండి. పాతదాంట్లో పోరాటాల్లో తప్ప మాటలు వినిపించవు, అంతా చదువుకోవాల్సిందే. చాలా చదవాలి.

6 గంటలు. రోలెంట్ అనే చిన్న ఊరు. పదహారేళ్ల ఎస్టెల్, ఐదేళ్ల కిందట వాళ్ల నాన్న కాసియస్ గాయాలతో ఇంటికి మోసుకొచ్చిన జాషువా, ఇద్దరూ బ్రేసర్లుగా చేరతారు. బ్రేసర్ అంటే జనం ఫిర్యాదులు తీసుకుని పని చేసిపెట్టే మనిషి. దయ్యాల రాజుని చంపడం లాంటివి ఏమీ లేవు. తప్పిపోయినవాటిని వెతకడం, రోడ్డు మీద పురుగుల్ని ఏరేయడం. నిజం చెప్పాలంటే రెండుసార్లు కుర్చీలోనే కునుకు తీశాను.

ఈ దశలో నన్ను నిలబెట్టింది పెట్టెలు. ఖాళీ చేసిన నిధి పెట్టెని మళ్లీ తెరిస్తే, ‘ఇంకేం మిగిల్చావని వచ్చావ్’ అన్న ధోరణిలో అది ఎత్తిపొడుస్తుంది. ప్రతి పెట్టెకీ వేరే మాట. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్లు సరదాకి రాసినవట. తెరిచిన పెట్టెల దగ్గరికి పనిగట్టుకుని వెనక్కి నడిచాను.

14 గంటలు. బోస్ నగరం, మాయమైన విమానం కేసు. పోరాటం పట్టు చిక్కింది. తెరకు ఎడమవైపు ఎవరి వంతు ఎప్పుడో వరసగా బొమ్మలుంటాయి. కొన్ని వంతుల పక్కన చిన్న గుర్తులు: ఒకటి దెబ్బని క్రిటికల్, అంటే మామూలుకన్నా బలంగా చేస్తుంది, ఒకటి ఆరోగ్యం పెంచుతుంది. క్రిటికల్ గుర్తు శత్రువు వంతు మీద పడబోతోందనుకోండి. ఎస్టెల్‌కి సీపీ (పోరాడేకొద్దీ పోగయ్యే శక్తి) కనీసం 100 ఉంటే ఎస్-బ్రేక్ అనే పెద్ద దెబ్బ నొక్కి, వంతు రాకపోయినా మధ్యలో దూరిపోవచ్చు, ఆ గుర్తు మనకొస్తుంది. బస్సులో కిటికీలోంచి రుమాలు వేసి సీటు పట్టడమే! ఇది అర్థమయ్యాక ఒక్కో బాస్ (పెద్ద శత్రువు) పోరాటం ముందు టెన్షన్ కాదు, లెక్కలు వేసుకోవడం మొదలైంది.

ఇంకో రెండు సంగతులు. లెవెల్ కోసం ఒకేచోట తిరుగుతూ చంపుకుంటూ కూర్చోకండి, మన లెవెల్ పెరిగేకొద్దీ వచ్చే అనుభవం పాయింట్లు బాగా పడిపోతాయి. ‘ఎర్త్ గార్డ్’ అనే మంత్రం ఎంత పెద్ద దెబ్బనైనా ఒక్కసారి పూర్తిగా ఆపుతుంది. నేను దాన్ని పదో గంట దాకా పట్టించుకోలేదు, తెలివితక్కువతనం.

23 గంటలు. రువాన్, సముద్రపు ఊరు. ఇక్కడే మనసు మారింది. కథలో పెద్ద సంఘటన ఏమన్నా జరిగాక ఊళ్లో ప్రతి మనిషీ కొత్త మాట మాట్లాడతాడు. హోటల్ వంటవాడు, వంతెన దగ్గర ముసలాయన, అందరికీ పేర్లున్నాయి, సొంత గొడవలున్నాయి. ఒక ఊళ్లో పోట్లాడుకున్న జంట మరో ఊళ్లో ఎదురైతే మన ఊరివాళ్లని రైల్వే స్టేషన్లో చూసినట్టే ఉంటుంది. ఇంత ఓపిక ఎవరికుంటుందా అనుకున్నాను. ఫాల్కమ్ అధ్యక్షుడు తోషిహిరో కోండో ఒకప్పుడు ఆ కంపెనీ ఆటలకు అభిమానిగా వెబ్‌సైట్ నడిపినవాడు. 1998లో ఉద్యోగంలో చేరి 2007లో అధ్యక్షుడయ్యాడు. అభిమాని చేతిలో పడ్డ ఆట ఇలాగే ఉంటుందేమో.

31 గంటలు. జైస్. ఇక్కడ నా కొంప మునిగింది. ఆటలో ‘కార్నేలియా’ అనే నవల 11 భాగాలుగా ఊళ్లల్లో చెదిరి ఉంటుంది. అన్నీ దొరికితే చివర్లో ఒక గొప్ప ఆయుధం ఇస్తారు. ఫలానా మనిషితో ఫలానా సమయంలో మాట్లాడకపోతే ఆ భాగం శాశ్వతంగా పోతుంది. రువాన్‌లో ఒకటి వదిలేశానని ఇక్కడికొచ్చాక తెలిసింది. వెనక్కి వెళ్దామంటే ఒకే సేవ్ మీద సేవ్ చేసుకుంటూ వచ్చాను! ఆ రాత్రి ల్యాప్‌టాప్ మూసేసి రెండు రోజులు ముట్టుకోలేదు. ప్రతి అధ్యాయం మొదట్లో కొత్త స్లాట్‌లో సేవ్ చేయండి. చిన్న పనులకు కూడా గడువుంటుంది, ‘షార్ట్’ అని రాసి ఉన్నవి ముందు కానివ్వండి, కథ ముందుకు జరిపితే అవి రద్దయిపోతాయి.

నడక విసుగనిపిస్తే ఆటని వేగంగా నడిపే టర్బో మీట ఉంది, అదొక వరం. పోరాటంలో ఓడిపోతే శత్రువుల్ని కాస్త బలహీనం చేసి మళ్లీ ఆడే వీలూ ఉంది. నేను రెండుసార్లు వాడాను, ఎవరికీ చెప్పలేదు.

47 గంటలు. గ్రాన్సెల్ రాజధాని, యుద్ధకళల పోటీ, ఆ తర్వాత వరసపెట్టి ముడులు విప్పుతారు. ముగింపు గురించి ఒక్క ముక్క కూడా చెప్పను. సీరియల్ వాళ్లు శుక్రవారం ఎపిసోడ్‌ని ఆపే చోటే ఆపారు, అంతే. 2011లో పీఎస్‌పీ అనే చేతి గేము యంత్రంలో ఇంగ్లీషులో ఇది ఆడినవాళ్లకి రెండో భాగం 2015 అక్టోబర్‌లో గానీ రాలేదు. నాలుగేళ్లు ఎలా బతికారో.

ఆడొచ్చా అని అడిగే మిత్రులకు నా మాట: పదమూడు లెక్కపెట్టకండి. పాత రూపమైతే రువాన్ దాటేదాకా, అంటే దాదాపు 30 గంటలు, వారానికి మూడు రాత్రులు ఇవ్వండి. ఊళ్లోవాళ్లతో మాట్లాడటం అప్పటికీ చాకిరీలా అనిపిస్తే వదిలేయండి, ముందు ముందు కూడా ఇదే పద్ధతి, మారదు. పోరాటాలే కావాలనుకునేవాళ్లకు, సంభాషణలు చదవకుండా నొక్కేసేవాళ్లకు అసలు వద్దు. తీరిగ్గా ఒక ఊరి కబుర్లు వినే అలవాటున్నవాళ్లకు మాత్రం ఇంత దిట్టమైన ఆట అరుదు.

మొదటి గేము ముగిశాక వచ్చే సేవ్ రెండోదాంట్లో పనికొస్తుంది, అందుకే ఈసారి ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఫోన్లో ఒకటి దాచాను. ఇప్పుడు రాత్రి ఒకటిన్నర. రెండో భాగం డౌన్‌లోడ్ 62 శాతం దగ్గరుంది.