గురక సంగతి ఎవరూ చెప్పలేదు

నాలుగు నెలలుగా నేను కలలో మునిగిపోవడం లేదు. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

అంతకు ముందు ఏడాదిన్నర పాటు వారంలో మూడు నాలుగు రాత్రులు ఒకటే కల. హుద్‌హుద్ తుఫాను గాలి. పెద్ద వాల్తేరులో అప్పట్లో మేం అద్దెకున్న మేడ మీద ఇల్లు. కిటికీ అద్దాలు పగిలి, మెట్ల మీదుగా సముద్రం లోపలికి వచ్చేస్తుంది. మోకాళ్ళు, నడుము, గొంతు. పక్క గదిలోంచి మా అమ్మ పిలుస్తూ ఉంటుంది, తలుపు రాదు. నోట్లోకి నీళ్ళు పోతుండగా మెలకువ వచ్చేది. గుండె దడదడ, నోరు పిడచకట్టుకుపోయి, ఒళ్ళంతా చెమట. ఎప్పుడు చూసినా గడియారంలో మూడున్నర, నాలుగు.

నిజానికి 2014 అక్టోబర్ 12న మా ఇంట్లోకి సముద్రం రాలేదు. వచ్చింది గాలే. ఆ ఆదివారం అమ్మని బాత్‌రూంలో కూర్చోబెట్టి, నేనూ మా ఆయనా బీరువాని తలుపుకి అడ్డం జరిపి మధ్యాహ్నం దాకా పట్టుకుని నిలబడ్డాం. మర్నాడు చూస్తే కైలాసగిరి మీద పచ్చటి ఆకు లేదు. రోజుల తరబడి కరెంటు లేదు. వైజాగ్‌లో అది మరిచిపోయినవాళ్ళు ఎవరున్నారు? కాబట్టి నా కల వినగానే అందరి దగ్గరా కారణం సిద్ధంగా ఉండేది. ఆ భయం లోపల ఉండిపోయిందన్నారు మా స్కూల్లో తోటి టీచర్లు. అమ్మ పోయిన దిగులన్నారు ఇంకొకరు. గుండెల మీద చేతులు పెట్టుకుని పడుకుంటున్నావేమో అంది మా పెద్దమ్మ. ఉత్తరం వైపు తల పెట్టొద్దని మంచం తిప్పించింది. రాత్రి భోజనం ఏడింటికి మార్చాను. పడుకునే ముందు రామస్కందం శ్లోకం చదివేదాన్ని, ఇప్పటికీ చదువుతాను. చదివితే నిద్ర హాయిగా పట్టేది. కానీ మూడున్నరకి నీళ్ళు వచ్చేవి.

మా వీధి చివర క్లినిక్‌కి వెళ్ళాను. ఆయన పెద్ద డిగ్రీలున్న డాక్టరే. నేను చెప్పడం మొదలుపెట్టి రెండు నిమిషాలు కాలేదు. "యాభై మూడేళ్ళకి పీడకలలేంటమ్మా? ఇంట్లో ఖాళీగా ఉంటున్నారా?" అన్నారు. ఇరవై ఆరేళ్ళుగా రోజుకి ఆరు పీరియడ్లు చెబుతున్నదాన్ని. ఆ మాట నోట్లో ఉండిపోయింది, బయటికి రాలేదు. పక్కన నిలబడ్డ నర్సమ్మాయి నవ్వింది. టెన్షన్ అని రాసి ఆల్‌ప్రాజోలం అనే నిద్రమాత్ర ఇచ్చారు. ఎలా నిద్రపోతున్నారు, పగలు మత్తుగా ఉంటోందా, పొద్దున్న లేవగానే తలనొప్పా? ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ తలనొప్పి నాకు రోజూ ఉండేది.

బిళ్ళతో మొదట్లో కలలు కాస్త తగ్గాయి. పొద్దున్న మాత్రం రాయి మోసినట్టుండేది. ఎనిమిదో తరగతి వాళ్ళకి పాఠం చెబుతూ కుర్చీలోనే కన్ను మూతపడింది ఒకరోజు. రెండు నెలలయ్యాక, ఇది అలవాటవుతుందని ఎవరో అంటే భయపడి ఒక్కసారిగా మానేశాను.

మానేసిన మూడో రాత్రి.

అదే ఇల్లు, అదే గాలి. ఈసారి అమ్మ పిలవడం ఆగిపోయింది. నీళ్ళు నా ముక్కు దాటాయి. కళ్ళు తెరిచాను. మా గదే, ఫ్యాను తిరుగుతోంది, కిటికీలో వీధి దీపం వెలుగు. లేచాననుకున్నాను. వేలు కదల్లేదు. గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు బరువు. కాళ్ళ దగ్గర అమ్మ చీర కట్టుకుని ఎవరో నిలబడ్డారు. అమ్మ కాదని నాకు తెలుసు. అరుద్దామంటే గొంతు లేదు. ఎంతసేపో చెప్పలేను. ఒక్కసారి ఒళ్ళు నా చేతికి రాగానే గాలి కోసం బాల్కనీలోకి పరిగెత్తాను. మాది మూడో అంతస్తు. మొక్కల కోసం వేసిన స్టూలు ఎక్కానట, నాకు గుర్తు లేదు. హాల్లో పడుకున్న మా ఆయన వచ్చి జబ్బ పట్టుకుని లాగారు. నేను ఆయన్ని మొహం మీద కొట్టాను. "నేనే, నేనే" అంటూనే ఉన్నారు. అప్పుడు టైం మూడూ నలభై. తెల్లారి పాల ప్యాకెట్లు వచ్చేదాకా ఇద్దరం నేల మీదే కూర్చున్నాం. ఆ పిట్టగోడ ఎత్తు తలచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి.

మర్నాడు మా ఆడపడుచుని గాజువాక నుంచి పిలిపించారు. ఆ రాత్రి తను నా పక్కనే పడుకుంది. నిజం చెప్పాలంటే పడుకోలేదు, చూస్తూ కూర్చుంది. పొద్దున్న నా చేయి పట్టుకుని, "వదినా, నువ్వు గురక పెడుతూ పెడుతూ ఊపిరి ఆపేస్తున్నావు. లెక్కపెట్టాను, ముప్పై దాకా వచ్చింది. నాకు భయమేసి రెండుసార్లు తట్టాను" అంది. ఫోన్‌లో రికార్డు చేసింది కూడా. ఆ చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం, తర్వాత గుటకేసినట్టు ఎగశ్వాస. నేను మునిగిపోతున్నది అక్కడే.

నాకు ఎంత కోపం వచ్చిందో! మా ఆయన రెండేళ్ళుగా హాల్లో పడుకుంటున్నారు, నడుం నొప్పి, గట్టి మంచం కావాలని చెప్పి. గురక గురించి ఒక్క మాట అనలేదు. "ఆడమనిషివి, బాధపడతావని" అన్నారు. ఆ మర్యాద నా ప్రాణం మీదికి తెచ్చింది. మూడు రోజులు మాట్లాడలేదు ఆయనతో. కానీ బాల్కనీలో నన్ను లాగింది ఆ చెయ్యే కదా.

రామ్‌నగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. వైర్లు తగిలించి ఒక రాత్రి నిద్ర పరీక్ష చేశారు. గంటకి సగటున 38 సార్లు నా ఊపిరి ఆగుతోంది, లేదా బాగా తగ్గుతోంది. ముప్పై దాటితే తీవ్రం కిందే లెక్కట. రక్తంలో ఆక్సిజన్ 71 శాతానికి పడింది. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు అన్నారు.

ఆమె అరగంట కూర్చోబెట్టి చెప్పారు, ఆ అరగంటకి నేను జన్మంతా రుణపడి ఉంటాను. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర రాత్రి రెండో సగంలో సాగుతుంది, అందుకే నా మూడున్నర. ఆ నిద్రలో ఒంటి కండరాలు చాలావరకు సడలిపోతాయి, గొంతు దగ్గరవీ ఇంకా వదులై దారి మూసుకుంటుంది. గాలి ఆడనప్పుడు కలలో నీళ్ళూ మునకలూ రావడంలో వింత లేదట. పాత భయం సిద్ధంగా ఉంది కాబట్టి హుద్‌హుద్ కథ అయింది. ఒళ్ళు నిద్రలోనే ఉండి మనసు ముందు లేస్తే కదలలేం, మనుషులు కనిపిస్తారు. కాళ్ళ దగ్గర నిలబడ్డది అదే. నిద్రమాత్ర గొంతు కండరాల్ని ఇంకా వదులు చేసే ప్రమాదం ఉంది, ఒక్కసారిగా మానేస్తే అణిగి ఉన్న కలలన్నీ కట్ట తెగినట్టు వస్తాయి. నెలసరి ఆగాక ఆడవాళ్ళలో ఈ జబ్బు పెరుగుతుందని కూడా అప్పుడే తెలిసింది. ఏ డాక్టరూ ఆడదాన్ని గురక సంగతి అడగడు, ఏ ఆడదీ చెప్పుకోదు.

సీపాప్ మిషన్ కొన్నాం. ముక్కుకి మాస్కు, గాలి ఒత్తిడితో గొంతు దారి తెరిచి ఉంచుతుంది. మొదటి వారం నరకం, మాస్కు పీకేసేదాన్ని. రెండో వారం నుంచి పొడుగాటి కలలు వచ్చాయి, కానీ భయం లేనివి. చాలా రోజులు సరిగ్గా దక్కని ఆ నిద్ర ఇప్పుడు బాకీ తీర్చుకుంటోందన్నారు డాక్టరమ్మ. హుద్‌హుద్ కల అప్పుడప్పుడు మిగిలితే ఇంకో ఉపాయం చెప్పారు. పగటిపూట ఆ కల కాగితం మీద రాసి, ముగింపు మార్చి, రోజూ పది నిమిషాలు దాన్నే తలచుకోమన్నారు. నా కాగితంలో తలుపు తెరుచుకుంటుంది, అమ్మ మంచం మీద కూర్చుని పూలు కడుతూ ఉంటుంది.

రిపోర్టు పట్టుకుని మొదటి డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. టోకెన్ తీసుకుని మరీ వెళ్ళాను. చూసి, "గురక ఉందని మీరు చెప్పలేదు కదమ్మా" అన్నారు. "మీరు అడగలేదు సార్" అన్నాను. తర్వాతి పేషెంటుని పిలిచారు.

పీడకలలు పదే పదే వస్తుంటే మీరు వాడే మందుల చీటీ డాక్టరుకి చూపించండి. కొన్ని రకాల బీపీ బిళ్ళలు, దిగులుకి ఇచ్చే బిళ్ళలు కూడా కలల్ని రేపుతాయి. అయినా మీ అంతట మీరు ఆపొద్దు, నేను చేసిన తప్పు చేయొద్దు. తాగుడు హఠాత్తుగా మానినవాళ్ళకీ, జ్వరంలోనూ వస్తాయి. పెద్దవయసు మగవాళ్ళు కలలో కొట్టడం, తన్నడం చేస్తుంటే నరాల డాక్టరుకి చూపించాలట. పెద్ద ప్రమాదం చూసినవాళ్ళకి నిజంగానే మనసు గాయం వల్ల రావచ్చు, దానికీ వైద్యం ఉంది. ముందు మాత్రం, పక్కన ఎవరినైనా ఒక రాత్రి మేలుకుని మీ ఊపిరి వినమనండి.

మా ఆయన గదిలోకి తిరిగొచ్చేశారు. మిషన్‌లో గాలికి తేమ కోసం నీళ్ళు ఆయనే పోస్తారు, కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్ పెట్టించారు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కుంది. అక్కడ ఎవరి చేత్తో వాళ్ళే పూజ చేసుకోవచ్చు. మార్గశిరం మొదటి గురువారం మా ఆడపడుచుని వెంటబెట్టుకుని వెళ్ళి, తన చేతే ముందు పాలు పోయిస్తాను.