సప్తస్వరాల కీర్తనలో ధైవతం ఏది?

పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ముందు పంచరత్నాలు పాడతారు. మన ఊళ్లలో సంగీతం నేర్చుకునే పిల్లలతోనూ ఆ రోజుల్లో ఆరాధన చేయిస్తారు. పంచరత్నాలు పెద్ద కీర్తనలు, పిల్లల నోట అంత తొందరగా పట్టుబడవు. వాళ్లకు అర్థం చెప్పి, కూర్చోబెట్టి వినిపించడానికి నేనైతే ‘శోభిల్లు సప్తస్వర’ ఎంచుకుంటాను.

‘శోభిల్లు సప్తస్వర సుందరుల భజింపవే మనసా’ అని పల్లవి. ఇక్కడ పూజ అందుకునేది స్వరాలే. సరిగమపదనిలు, అంటే షడ్జమం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం, ఏడుగురు దేవతలై నాభిలో, హృదయంలో, కంఠంలో, నాలుక మీద, నాసికలో వెలుగుతున్నారట. ఋక్సామాది వేదాల్లో, గాయత్రీ హృదయంలో ఉన్నారట. ఆఖరికి ‘శుభ త్యాగరాజునియెడ’ కూడా ఉన్నారంటాడు. నిత్యం రాముణ్ణి పిలిచిన మనిషి ఈ కీర్తనలో రాముడి పేరెత్తకుండా స్వరాలకు దండం పెట్టుకున్నాడు.

ఇందులో నాకు ఎప్పటికీ తీరని ముచ్చట ఒకటుంది. ఈ కీర్తన జగన్మోహిని రాగంలో ఉంది. ఆరోహణ స గ మ ప ని స, అవరోహణ స ని ప మ గ రి స. ఎక్కేటప్పుడు రిషభం లేదు, దిగేటప్పుడే వస్తుంది. ధైవతం అసలే లేదు. ఏడుగురినీ కొలవమనే కీర్తనలో ఒక దేవత పీఠం ఖాళీ!

ఇది అర్థం కావాలంటే ముందు శ్రుతి, అంటే స్వరం ఎంత ఎత్తున పలుకుతుందన్న సంగతి, దగ్గరికి వెళ్లాలి. పిల్లలను ‘పైస్థాయిలో పాడు’ అంటే అరుస్తారు, ‘మెల్లగా పాడు’ అంటే స్వరం కిందికి జారిపోతుంది. గట్టిదనం వేరు, స్థాయి వేరు. తంబుర తీగను మెల్లగా మీటినా బలంగా మీటినా అది పలికేది అదే షడ్జమం. తీగ బిగిస్తేనే స్వరం పైకి వెళ్తుంది. మన గొంతులోని స్వరతంత్రులూ అంతే, అవి సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తాయో దాన్నిబట్టే స్థాయి. ‘నాభి హృత్కంఠ’ అన్న మాట చదివి స్వరం బొడ్డులో పుడుతుందా అని పిల్లలు అడిగితే కసురుకోకూడదు. స్థాయిని తేల్చేది కంఠమే, దాన్ని మోసే ఊపిరి కింది నుంచి రావాలి. పొట్ట బిగబట్టి పాడించి చూడండి, తాళం రెండు చుట్లు తిరిగేసరికే ఆయాసం వస్తుంది.

లెక్క తేలిగ్గా ఉండడానికి షడ్జమం 240 హెర్ట్జ్, అంటే సెకనుకు 240 కంపనాలు, అనుకుందాం. శుద్ధ, అంతర, కాకలి అన్నవి ఆ స్వరం ఏ స్థానంలో ఉందో చెప్పే మాటలు. శుద్ధ రిషభం 256, అంతర గాంధారం 300, శుద్ధ మధ్యమం 320, పంచమం 360, శుద్ధ ధైవతం 384, కాకలి నిషాదం 450, తారషడ్జమం, అంటే పై షడ్జమం, 480. పాడేటప్పుడు గమకాల వల్ల, అంటే స్వరాన్ని ఊపి పలకడం వల్ల, స్వరాలు ఈ అంకెల దగ్గరే కదలక కూర్చోవు కానీ, స్థానాలు తెలియడానికి ఈ లెక్క చాలు. తొలి పాఠాలైన సరళీ వరుసల్లో రోజూ పాడే మాయామాళవగౌళ రాగం స్వరాలు ఇవే. జగన్మోహిని ఆ మేళంలో, అంటే ఆ తల్లి రాగంలో, పుట్టిన రాగమే, కొత్త స్వరం ఒక్కటి కూడా కలుపుకోలేదు. అయినా సరళీ వరుసలా వినిపించదు. స్థానాలు అవే, నడక మారింది. ఎక్కేటప్పుడు షడ్జమం నుంచి గాంధారానికి ఒక్క దూకు, పంచమం నుంచి నిషాదానికి మరో దూకు. వీణ మీద చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. షడ్జమం నుంచి పై షడ్జమం దాకా 12 చొప్పున 24 మెట్లుంటాయి, వేలు ధైవతం మెట్టు దాటి నిషాదం మీద వాలడం కంటికి కనిపిస్తుంది.

స్థానం తెలిస్తే స్వరం, నడక తెలిస్తే రాగం. పిల్లలకు నేను చెప్పేది ఇంతే. ఇక ఆ ఖాళీ పీఠం సంగతి. త్యాగయ్య మనసులో ఏముందో చెప్పడానికి నేనెవరిని? నా ఊహ మాత్రం చెబుతాను. మాయామాళవగౌళ చెవిలో నిండిన వాడికి పంచమం దాటగానే ధైవతం తలపులోకి వస్తుంది, పాడకపోయినా వస్తుంది. పలకని దేవతనూ మనసు తలుచుకోవడం భజన కాదా? ‘భజింపవే’ అని ఆయన చెప్పింది నోటితో కాదు, మనసుతో.

ఆరాధన చేయించే పెద్దలకు ఒక మాట. పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లలకు గొంతు మారుతుంది, నిన్నటి శ్రుతి ఇవాళ అందదు. అపస్వరం వస్తోందని వాళ్లను వెనక వరుసలో నిలబెట్టి పెదవులు కదపమనడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గొంతు కుదుటపడే దాకా బలవంతపెట్టి పైకి పాడించకండి, తాళం వాళ్ల చేతికివ్వండి. కుదుటపడ్డాక ఆడపిల్లలు 240 దగ్గర షడ్జమం పట్టుకుంటే వాళ్లు 120 దగ్గర పట్టుకుంటారు. రెండూ షడ్జమమే, ఒకే శ్రుతిపెట్టె ఇద్దరికీ సరిపోతుంది.