చుట్టల పెట్టె, పాత వాకిలి చెక్క, మూడు తీగలు

కాచిగూడలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కినప్పుడు నా బ్యాగులో రెండు జతల బట్టలు, ఒక ఖాళీ చుట్టల పెట్టె, తీగలు బిగించే గిటార్ కీలు మూడు, ఒక సెట్టు తీగలు, సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి. దర్శనం టికెట్టు ఎప్పుడో తీసుకున్నాను, దాంతోపాటే తిరుపతిలో మా చిన్నమామ ఇంట్లో నాలుగు రోజులు ఉండి గిటార్ చేసుకొచ్చేద్దామని ప్లాన్. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో రంపం తీస్తే కింది ఫ్లోర్ వాళ్లు పైకొస్తారు. మామ ఇంటి వెనక పెరడుంది, ఆయనకి తెలిసిన ఆచారి ఉన్నాడు.

సిగార్ బాక్స్ గిటార్ వీడియోలు చూసి చూసి పిచ్చెక్కింది నాకు. పెట్టె డొల్లలోంచి మెడగా ఒక కర్ర దూర్చి, మూడు తీగలు బిగించి, మూత కింద పది రూపాయలకి దొరికే పియెజో బిళ్ళ (అదురుని కరెంటుగా మార్చేది) ఒకటి అంటిస్తే ఎలక్ట్రిక్ గిటార్ అయిపోతుందట. పెట్టె దుబాయ్‌లో పనిచేసే ఫ్రెండ్ తెచ్చిచ్చాడు, సీడర్ చెక్కది. వాడు చుట్టలన్నీ తాగేసి ఖాళీ పెట్టె ఇవ్వడానికి ఏడాది పట్టింది.

రాజంపేట దాటాక తెల్లారింది. కుడి పక్కన కొండలు, నెత్తిన మంచు. ఎర్రచందనం పెరిగే కొండలవి. అవి చూడగానే గిటార్ మెడకి ఎర్రచందనం అయితే ఎలా ఉంటుందో అన్న ఆలోచన పుట్టింది, తర్వాత రెండు రోజులు అదే నా బుర్ర తినేసింది.

బైరాగిపట్టెడలో మామ ఇంటికి చేరి బ్యాగు విప్పితే ఆయన ముందు ఆ పెట్టెనే వాసన చూశాడు.

"ఏందిరా, చుట్టల కంపు కొడతా ఉండాది. ఇది పట్టుకోని కొండెక్కుతావా?"

"ఖాళీదే మామా."

"ఖాళీదైతే మాత్రం! అలిపిరి కాడ మిషన్లో పెట్టి చూస్తారు. అప్పుడు గిటార్ అని చెప్పుకుంటావా వాళ్లకి?"

నిజమే. కొండ మీద పొగాకు నిషేధం, పెట్టె మీదేమో పొగ వదుల్తున్న దొర బొమ్మ. దాన్ని అత్త బియ్యం డబ్బా పక్కన పెట్టేసి మరుసటి రోజు ఒట్టి చేతులతో 3,550 మెట్లు ఎక్కాను. దర్శనం బాగా జరిగింది. పిక్కల సంగతి మాత్రం అడక్కండి.

ఎర్రచందనం పురుగు వదల్లేదు కాబట్టి ఆ తర్వాతి రోజు మామ బండి మీద మాధవమాల వెళ్లాం. రేణిగుంట దాటి శ్రీకాళహస్తి రోడ్డులో పోతే ఏర్పేడు మండలంలో ఉంటుంది ఊరు. ఇంటింటి ముందూ చెక్క పొట్టు, సగం చెక్కిన దేవుళ్లు, మొహం వచ్చి చేతులు రాని వెంకటేశ్వరస్వామి ఒకాయన గోడకి ఆనుకుని ఉన్నాడు. ఒక పెద్దాయన దగ్గర కూర్చుని నా గిటార్ గురించి చెప్పి, మూడడుగుల ఎర్రచందనం ముక్క దొరుకుతుందా అని అడిగాను. ఆయన ఉలి ఆపి నన్నొకసారి, మామనొకసారి చూశాడు.

"కాయితాలు లేకుండా ఎవురూ ఇయ్యరు నాయనా. ఇచ్చినా తీసుకోవాకు. అయినా అంత బరువు చెక్క నీ పెట్టెకి యాడ సరిపోద్ది? ముందుకి తూలిపోద్ది."

రెండో మాట నేను ఆలోచించనే లేదు. ఎర్రచందనం నీళ్లలో మునిగే చెక్క, పెట్టె చూస్తే అరకిలో లేదు. జపాన్ వాళ్ల మూడు తీగల వాద్యం షామిసెన్‌లో మేలు రకం వాటి మెడకి వాడేది మన ఎర్రచందనమే అని ఎక్కడో చదివి ఎగిరాను కానీ, ఇక్కడ పుట్టిన చెక్క ఇక్కడ మనకి మూడడుగులు దొరకదు. సరే, వదిలేశాం. వచ్చేటప్పుడు అత్తకి ఒక చెక్క గరిటె కొన్నాం.

చివరికి మెడ మామ పెరట్లోనే దొరికింది. చిత్తూరులో అమ్మమ్మ వాళ్ల ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చిన పాత వాకిలి చెక్క, టేకుది, బాత్రూం గోడకి ఆనించి ఉంది. ఆచారి వచ్చి దాన్ని గోటితో గీరి, "యాభై ఏళ్లు ఎండింది సామీ, ఇంక వంగదు" అన్నాడు. చిత్రిక పట్టడం మొదలెట్టగానే పైనున్న బూడిద రంగు పోయి లోపల తేనె రంగు బయటపడింది, పెరడంతా టేకు వాసన. ఒకచోట మేకు చిల్లు ఉంది. మామిడాకుల తోరణం కట్టేది దానికే అని మామ అన్నాడు. దాన్ని పూడ్చొద్దని చెప్పాను.

ఆచారికి నేను ఒకే విషయం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. కర్ర పెట్టె ఈ చివర్నించి ఆ చివరికి పోతుంది కానీ లోపల మూతకి తగలకూడదు, అక్కడ నాలుగైదు మిల్లీమీటర్లు లోతుకి చెక్కెయ్యాలి, తగిలిందా శబ్దం చచ్చిపోతుంది. "మద్దెల తోలు మీద చెయ్యి పెట్టినట్టు అంతే గదా" అన్నాడు. అంతే.

ఇక కొలతలు. ఇక్కడే పరువు పోయింది. తీగ పొడవు 25 అంగుళాలు, అంటే 635 మిల్లీమీటర్లు అనుకున్నాను. ఆ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు (ఫ్రెట్, అంటే తీగని నొక్కే చోటు) ఎక్కడో వస్తుంది, 35.6 దగ్గర. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగించాలి, అలా పోవాలి. నేను ఫోన్లో లెక్క వేసుకుంటూ, ఒక్కో గీత నుంచి తర్వాతి గీతకి స్కేలుతో కొలుస్తూ, పాయింట్ల తర్వాత అంకెలు వదిలేస్తూ పన్నెండు గీతలు గీసేశాను. చూడ్డానికి ఎంత బాగుందో. ఆచారి టీ తాగుతూ ఏదీ, సగం ఎక్కడొస్తది అనడిగాడు. పన్నెండోది సరిగ్గా సగంలో రావాలి అన్నాను. ఆయన జేబులోంచి నూలు దారం తీసి, తీగ మొదలయ్యే చోటు నుంచి వంతెన (పెట్టె మూత మీద తీగలు ఆనే ముక్క) వచ్చే చోటు దాకా లాగిపట్టి, తెంపి, రెండుగా మడిచి నా గీత దగ్గర పెట్టాడు. దారం అంచు గీత దాటి అర సెంటీమీటరు అవతలకి వెళ్లింది. ఏమీ అనలేదు, టీ గ్లాసు కింద పెట్టి గరుకు కాగితం నా చేతికిచ్చాడు.

మళ్లీ అన్నీ గీశాను, ఈసారి ప్రతిదీ మొదటి చివర నుంచే కొలిచి. మెట్లు బిగించలేదు. సోల్డరింగ్ ఐరన్‌తో గీతల్ని కాల్చి వదిలేశాను, ఎలాగూ గాజు సీసా జార్చి వాయించాలని నా ఉద్దేశం. అత్త దగ్గుమందు సీసా అడిగితే, లోపల మిగిలిన రెండు చెంచాలు నా చేత తాగించి మరీ ఇచ్చింది.

కరెంటు పనికి తెగ టెన్షన్ పడ్డాను కానీ సులువుగా తేలింది. గాంధీ రోడ్డు పక్క సందులో ఒక ఎలక్ట్రానిక్స్ కొట్లో పియెజో అంటే ఆ అబ్బాయికి అర్థం కాలేదు, బొమ్మ చూపిస్తే "బజర్ లోపలుండే బిళ్ళా" అని డబ్బా ముందు పెట్టాడు. మూడు తీసుకున్నాను, అది మంచిదయింది. బిళ్ళ చుట్టూ ఇత్తడి, మధ్యలో తెల్లటి పింగాణీ పొర, ఆ పొర మీద ఐరన్ రెండు సెకన్లకి మించి ఉంచితే పాడవుతుంది. మొదటిది అలాగే పోయింది. రెండోదానికి మధ్య వైరు జాక్ కొనకి, ఇత్తడి వైరు ఎర్త్‌కి అతికించి, మూత కింద వంతెనకి కొంచెం పక్కగా వేడి జిగురుతో అంటించాను. వంతెన అంటే ఒక బోల్టు, అంతే. దాన్ని అంటించరు, తీగల ఒత్తిడికి అదే నిలబడుతుంది.

ఆచారి చివర్లో పాలిష్ ఏ రంగు అని అడిగితే నా పాత కోరిక ఊరుకోలేదు, ఎర్రగా కొట్టమన్నాను. టేకు మీద ఎర్ర పాలిష్ ఎందుకురా అని మామ తిట్టాడు.

తీగలు బిగించి ఆ సాయంత్రమే వీధి చివర భజన మందిరానికి తీసుకెళ్లాం, ఆంప్లిఫైయర్ ఉన్నది అక్కడే. మైకు పిన్ను తీసి నాది పెట్టగానే మందిరమంతా గుయ్యిమంది. వాల్యూం తగ్గిస్తే గుయ్యిమనడం ఆగింది కానీ శబ్దం రేకు డబ్బా మీద గోరు గీసినట్టు ఉంది. తప్పు బిళ్ళది కాదు. దానికి ఇంపిడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, బాగా ఎక్కువున్న ఇన్‌పుట్ కావాలి, మైకు ఇన్‌పుట్‌లో పెడితే మంద్రం అంతా కొట్టుకుపోతుంది. ట్రెబుల్ పూర్తిగా తగ్గించాక కాస్త మనిషి గొంతు వచ్చింది.

శృతి చేయడానికి ఫోన్ తీశాను. హార్మోనియం ముందు కూర్చున్న పెద్దాయన, "ఏం శృతి కావాలబ్బాయా" అన్నారు. జి, డి, జి అండి అన్నాను. "జి అంటే ఐదు శృతి" అని మెట్టు నొక్కి పట్టారు. మొదటి తీగ కలిపాను. ఆయన నేను అడక్కుండానే పంచమం నొక్కారు, తర్వాత పై షడ్జమం. "స, ప, స. తంబురాకి పెట్టేదే గదా ఇది, దీనికి అమెరికా దాకా ఎందుకు పోయినావు?" అన్నారు. అక్కడ 1884లోనే డేనియల్ కార్టర్ బియర్డ్ అనే ఆయన పిల్లల కోసం చుట్టల పెట్టెతో బాంజో చేసే పద్ధతి రాసిపెట్టాడని ఏదో చెప్పబోయాను, ఆయన అప్పటికే సీసా నా వేలి నుంచి లాక్కుని తీగ మీద జారుస్తున్నారు. మెట్లు లేని చిత్రవీణ మీద కట్టె జార్చి వాయించడం చిన్నప్పుడు చూశారట. మోహనమేదో పలికించారు, నాకు ఇప్పటికీ రాలేదు అది.

తిరుగు ప్రయాణం రోజు గిటార్‌ని అత్త పాత చీరలో చుట్టి, దారంతో కట్టి స్టేషన్‌కి వెళ్లాను. ప్లాట్‌ఫాం మీద ఇద్దరు పోలీసులు ఆపారు. మూడడుగుల పొడవు, చీరలో చుట్టిన కర్ర, ఒక చివర చీర జారి ఎర్రగా మెరుస్తోంది, ఊరేమో తిరుపతి. నేనైనా ఆపేవాణ్ణే.

"ఏంది లోపల?"

"గిటార్ సార్. టేకు. పాలిష్ ఎరుపు."

విప్పమన్నారు. పెద్దాయన ముందు వాసన చూశాడు, తర్వాత చేత్తో ఎత్తి బరువు చూశాడు, మేకు చిల్లు మీద వేలు పెట్టి ఇదేందని అడిగాడు. తోరణం కట్టేది సార్, వాకిలి చెక్క అన్నాను. రెండో ఆయన చిన్నవాడు, ఆగలేక మధ్య తీగ మీటాడు.

"దిగింది బ్రదర్, కొంచెం బిగించు" అన్నాడు.